పడవ మోటారు, పెట్రోలు జమాఖర్చు

అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళ శని ఆదివారాలు ఎలా గడుస్తాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. పిల్లల సంగీతం క్లాసు, కిరాణా కొట్టు, ఎవరో ఒకరింట్లో పుట్టినరోజు భోజనం, కాస్త తీరికుంటే గుడి. మా ఇంటికి పావుగంట దూరంలో లేనియర్ సరస్సు ఉంది. ఛటాహూచీ నదికి అడ్డంగా 1950లలో బ్యూఫర్డ్ ఆనకట్ట కట్టినప్పుడు ఏర్పడిన జలాశయం. నిండుగా ఉంటే 38 వేల ఎకరాలు, ఒడ్డు వెంట నడిస్తే దాదాపు 690 మైళ్ళు. పన్నెండేళ్ళ పాటు దాన్ని వంతెన మీంచి కారులో పోతూ చూశానే తప్ప నీళ్ళలో కాలు పెట్టలేదు.

ఆ లోటు తీర్చుకుందామని ఒక పాత పడవ కొన్నాను. 14 అడుగుల అల్యూమినియం పడవ. దానికి వెనక తగిలించి ఉన్న మోటారు కూడా బేరంలోనే వచ్చింది. 15 హార్స్‌పవర్, రెండు సిలిండర్లు, రెండు స్ట్రోకులు, 1984లో తయారైంది. కంపెనీ పేరు చెప్పను. నలభై ఏళ్ళు నీళ్ళలో పనిచేసిన యంత్రానికి జబ్బు చేస్తే కంపెనీని తిట్టడం న్యాయం కాదు కదా!

రెండు వేసవులు బాగానే నడిచింది. మూడో వేసవిలో మొదలైంది అసలు కథ. ఈ వ్యాసం ఆ మోటారుని బాగుచేసిన వైనం. బగ్గులు వెతకడమే వృత్తిగా ఉన్నవాణ్ణి ఇంజను ముందు ఆ వృత్తి మొత్తం మర్చిపోయిన వైనం కూడా.

ఆ సాయంత్రం

ఆ వేసవిలో నాన్న నర్సాపురం నుంచి వచ్చారు. 74 ఏళ్ళు. సహకార సంఘంలో లెక్కలు రాసి రిటైరయ్యారు. వశిష్ఠ గోదావరిని దాటి సఖినేటిపల్లి వైపు పంటు మీద లెక్కలేనన్నిసార్లు వెళ్ళొచ్చిన మనిషి కాబట్టి పడవంటే ఆయనకి భయం లేదు. జులైలో ఒక ఆదివారం ఆయన్నీ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయినీ ఎక్కించుకుని సరస్సులోకి వెళ్ళాను. ముగ్గురికీ లైఫ్ జాకెట్లున్నాయి. ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాను.

ఒక చిన్న దీవి పక్కన మోటారు ఆపి, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. గంట తరవాత బయల్దేరదామని తాడు లాగితే ఇంజను పలకలేదు. రబ్బరు బల్బు నొక్కాను, చోక్ వేశాను, మళ్ళీ లాగాను. ఒకసారి దగ్గి ఊరుకుంది. ఇరవై సార్లు లాగాను. పెట్రోలు వాసన గుప్పుమంది. మోటారు వెనక నీళ్ళ మీద ఇంద్రధనుస్సు రంగుల్లో నూనె తెట్టు కట్టింది. ఈలోపు పడమట మబ్బు కమ్మింది. జార్జియాలో వేసవి సాయంకాలాల ఉరుములు ఎంత తొందరగా మీదికొస్తాయో ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. గాలికి పడవ నడిమధ్యకి కొట్టుకుపోతోంది. నేను ఇంకా కోపంగా తాడు లాగుతూనే ఉన్నాను.

నాన్న ఒక్క మాట అన్నారు. "ఒరే, ముందు ఆ లాగడం ఆపరా. వాసన చూడు."

చివరికి ఎవరో పుణ్యాత్ముడు తన పాంటూన్ పడవకి తాడు కట్టి మమ్మల్ని రేవు దాకా లాక్కొచ్చాడు. మేము కారెక్కేసరికి వాన మొదలైంది. మా అమ్మాయి దారిపొడుగునా మాట్లాడలేదు. లోహపు పడవలో, ఉరుముల కింద, పెట్రోలు ఆవిరి మధ్య వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టానన్న సంగతి నాకు ఆ రాత్రి పడుకున్నాక గాని పూర్తిగా తలకెక్కలేదు.

ఫ్లడింగ్ అంటే ఏమిటి?

కాలాల్సిన దానికన్నా ఎక్కువ పెట్రోలు ఇంజనులో చేరడాన్నే ఫ్లడింగ్ అంటారు. మన ఊళ్ళో మెకానిక్కు "ఓవరైపోయింది సార్" అంటాడే, అదే.

రెండు స్ట్రోకుల ఇంజనులో కవాటాల హడావుడి తక్కువ. పిస్టన్ పైకి వెళ్ళినప్పుడు కింద క్రాంక్‌కేస్‌లో గాలి పలచబడుతుంది. అప్పుడు కార్బొరేటర్‌లోంచి గాలి, పెట్రోలు, ఆయిలు కలిసిన మిశ్రమం రీడ్ వాల్వుల గుండా క్రాంక్‌కేస్‌లోకి వస్తుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఆ మిశ్రమం నొక్కుకుని సిలిండర్లోకి వెళ్తుంది. ఇంజనుకి కావలసిన ఆయిలు కూడా పెట్రోల్లోనే కలపాలి. నా మోటారుకి 50 పాళ్ళకి ఒక పాలు. అంటే 6 గ్యాలన్ల పెట్రోలుకి 16 ఔన్సుల ఆయిలు అనుకోండి. ఇంధనం క్రాంక్‌కేస్ మీదుగానే పోవాలి కాబట్టి, ఎక్కువైన పెట్రోలు అక్కడ మడుగు కడుతుంది. తాడు లాగిన ప్రతిసారీ ఆ మడుగులోంచి మరికొంత సిలిండర్లోకి ఎగజిమ్ముతుంది. అందుకే రెండు స్ట్రోకుల ఇంజను ఒకసారి ఓవరైతే అంత త్వరగా తేరుకోదు.

కార్బొరేటర్ కింద చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. గిన్నె నిండేకొద్దీ బెండు పైకి లేచి, సన్నటి సూదిని రంధ్రంలోకి నెట్టి పెట్రోలు ఆపుతుంది. ఇంటి మీద వాటర్ ట్యాంకులో బంతి కుళాయి చేసే పనే ఇది. బంతి పాడైతే ట్యాంకు పొంగి గోడ వెంట నీళ్ళు కారినట్టు, సూది సరిగ్గా మూయకపోతే కార్బొరేటర్ పొంగి ఇంజనులోకి పెట్రోలు కారుతుంది.

మన చిన్నప్పుడు స్కూటర్లని పక్కకి వంచి, ఒక క్షణం ఆగి, నిలబెట్టి కిక్కు కొట్టేవాళ్ళు, గుర్తుందా? చలికి మొండికేసిన ఇంజనుకి కాస్త చిక్కటి మిశ్రమం అందించే ఉపాయం అది. వంచితే గిన్నెలో మట్టం మారి అదనపు పెట్రోలు లోపలికి జారేది. అప్పటికే ఓవరైన స్కూటర్ని కూడా అలవాటు కొద్దీ వంచి, ఇంకా ముంచి, చివరికి మెకానిక్కు షాపు దాకా తోసుకుపోయిన వాళ్ళని నేనెరుగుదును. సరస్సు మధ్య నేను చేసింది అచ్చంగా అదే. మునిగిన ఇంజనుకి చోక్ వేసి, బల్బు నొక్కి, ఇంకా పెట్రోలు తాగించాను.

నేను చేసిన దర్యాప్తు

ఇంటికొచ్చాక ప్లగ్గులు ఊడదీశాను. తడిసి ముద్దయి ఉంది ఒకటి. "సూది పాడైంది, కార్బొరేటర్ పొంగుతోంది" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాను. తెలిసిన ఇద్దరు ముగ్గుర్ని అడిగితే వాళ్ళూ అదే అన్నారు. కిట్టు తెప్పించి సూది, రబ్బరు వాషర్లు, బెండు అన్నీ మార్చాను. బిగించి, నీళ్ళు నింపిన పెద్ద చెత్త డ్రమ్ములో మోటారు దింపి లాగితే రెండో లాగుకే స్టార్టయింది. అయిదు నిమిషాలు నడిపి, సమస్య తీరిందని ప్రకటించాను.

మర్నాటి ఆదివారం సరస్సులో, ఒడ్డుకి దగ్గర్లోనే, ఆపి గంట తరవాత లాగితే మళ్ళీ అదే కథ. ఇంకో కిట్టు తెప్పించాను! పాత సూదీ కొత్తదే, దాన్ని మళ్ళీ కొత్త సూదితో మార్చాను. ఆఫీసులో నా కింద పనిచేసే కుర్రాడు ఇలా చేస్తే, అంటే ఒకే ఫంక్షన్‌ని రెండుసార్లు తిరగరాసి "ఈసారి పనిచేయాలి" అంటే, పిలిచి మందలించేవాణ్ణి.

ఇక్కడ నా తప్పు మీకు అర్థమయ్యే ఉంటుంది. తడిసిన ప్లగ్గు చెప్పేది ఒక్కటే: "పెట్రోలు వచ్చింది, కాలలేదు." ఎందుకు కాలలేదో అది చెప్పదు. పెట్రోలు ఎక్కువై ఉండొచ్చు. చోక్ రేకు ఇరుక్కుని గాలి తక్కువై ఉండొచ్చు. స్పార్కు బలహీనంగా ఉండొచ్చు. రింగులు అరిగి సిలిండర్లో ఒత్తిడి లేకపోయి ఉండొచ్చు. నాలుగింటికీ ప్లగ్గు ఒకేలా తడుస్తుంది. లాగ్ ఫైల్లో ఆఖరి వరుస చూసి, తప్పు అక్కడే ఉందని ఒట్టేసినట్టుంది నా నిర్ణయం.

మంట

రెండో కిట్టూ పని చెయ్యకపోయాక, సరే స్పార్కు చూద్దామనుకున్నాను. చీకటి పడ్డాక అయితే నిప్పురవ్వ బాగా కనిపిస్తుందని రాత్రి ఎనిమిదింటికి గరాజు ముందు మొదలుపెట్టాను. మా అమ్మాయి టార్చిలైటు పట్టుకుంది. నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పై సిలిండర్ ప్లగ్గు ఊడదీసి, తీగ తగిలించి, దాని లోహపు భాగం ఇంజనుకి ఆనించి పెట్టి తాడు లాగాను. ఊళ్ళో మెకానిక్కులందరూ చేసేది ఇదే. నేనూ వందసార్లు చూశాను.

ఒక తేడా ఉంది. నా సిలిండర్ నిండా పెట్రోలు ఉంది. తాడు లాగగానే అది ప్లగ్గు రంధ్రంలోంచి తుంపరగా బయటికి చిమ్మింది. దానికి రెండంగుళాల దూరంలో నేనే ఏర్పాటు చేసిన నిప్పురవ్వ ఉంది. భగ్గుమంది.

ఒక్క క్షణమే. నాన్న భుజం మీదున్న తువ్వాలు డ్రమ్ములో ముంచి మోటారు మీద పడేశారు. ఆరిపోయింది. నా కుడిచేతి వెంట్రుకలు, ఒక కనుబొమ్మ మాడాయి. టార్చిలైటు కిందపడి దొర్లింది. మా అమ్మాయి ఆ రంధ్రానికి ఎదురుగా కాక అడుగు పక్కగా నిలబడి ఉండటం నా తెలివి కాదు, అదృష్టం.

మా ఆవిడ బయటికొచ్చి చూసింది. అరవలేదు. "ఏమండీ, రేపటి నుంచి పిల్ల దీని దగ్గరకి రాదు. రెండు వారాల్లో ఇది బాగవ్వాలి, లేకపోతే ఇంట్లోంచి పోవాలి," అని పిల్లని తీసుకుని లోపలికెళ్ళిపోయింది. ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇది చదివి ఎవరైనా ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటే అది ఇదే కావాలని నా కోరిక: ఓవరైన ఇంజను స్పార్కుని అలా చూడొద్దు. తీగకి తగిలించే స్పార్కు టెస్టర్లు కొద్ది డాలర్లకే దొరుకుతాయి. ముందు సిలిండర్లు ఆరబెట్టి, రెండు ప్లగ్గులూ రంధ్రాల్లోనే బిగించి ఉంచి, టెస్టర్ని ఇంజనుకి దూరంగా పట్టించి, ఆరుబయట, పెట్రోలు ట్యాంకు అవతల పెట్టి చూడాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేల మీదా, పడవ అడుగునా పేరుకుంటుంది. ముక్కుకి వాసన పోయిందంటే ఆవిరి పోయిందని కాదు.

నాన్న పుస్తకం

మర్నాడు పొద్దున్నే నాన్న నా దగ్గర ఒక నోటు పుస్తకం అడిగి తీసుకుని, పేజీ మధ్యలో నిలువు గీత గీశారు. "ఒరే, నాకు ఇంజన్లు తెలియవు గాని లెక్క తెలుసు. ఆ రబ్బరు బుడ్డి నొక్కే పని నాకే ఇచ్చావు కదా. గట్టిపడే దాకా నొక్కుతున్నాను. పది నిమిషాలకి మళ్ళీ మెత్తబడుతోంది. మోటారు నడవట్లేదు. మరి అందులో పెట్రోలు ఎక్కడికి పోతోందిరా?"

"కార్బొరేటర్లోకి నాన్నా."

"గిన్నె నిండితే సూది మూసుకుంటుందన్నావు. కొత్త సూది, రెండుసార్లు మార్చావు. పొంగితే కనపడాలిగా?"

కార్బొరేటర్ మూతి దగ్గర టార్చి వేసి చూశాను. పొడిగా ఉంది. కింద గుడ్డ పరిచాను. చుక్క లేదు.

"ఖర్చు రాశాం. జమ ఏ ఖాతాలో పడిందో తేలందే పద్దు మూయకూడదు," అన్నారు.

నెల రోజులుగా నా కళ్ళెదుటే ఉన్న విషయం! ఇక పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. ఒకసారికి ఒకటే పరీక్ష, ఫలితం పుస్తకంలో రాయడం.

మొదటిది: పెట్రోలు ట్యాంకులోకే వెనక్కి పోతోందా? బల్బుకీ ఇంజనుకీ మధ్య గొట్టాన్ని క్లాంపుతో మెల్లగా నొక్కిపెట్టి బల్బు నొక్కితే గట్టిగానే ఉండిపోయింది. అంటే వెనక్కి పోవట్లేదు, ఇంజను వైపే పోతోంది.

రెండోది: ఏ ప్లగ్గు తడుస్తోంది? ఇది రాస్తుంటే సిగ్గేసింది. తడిసింది ప్రతిసారీ పై సిలిండర్ ప్లగ్గే. కింది ప్లగ్గు మామూలు గోధుమరంగులో ఉంటోంది. ఈ మోటారుకి ఉన్నది ఒకటే కార్బొరేటర్, రెండు సిలిండర్లకీ అదే. అది పొంగితే రెండూ తడవాలి కదా! ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూశాను. తడి ప్లగ్గుతో పాటు కిందికి రాలేదు, పై సిలిండర్లోనే ఉంది. కాబట్టి ప్లగ్గు తప్పు కాదు.

మూడోది: టెస్టర్‌తో స్పార్కు, ఈసారి జాగ్రత్తగా. రెండు తీగల్లోనూ ఒకేలా, నీలంగా, గట్టిగా ఉంది.

నాలుగోది: కంప్రెషన్ గేజితో రెండు సిలిండర్ల ఒత్తిడి. రెండూ 110 పి.ఎస్.ఐ. దగ్గరే. తేడా లేదు.

ఇక మిగిలిన ప్రశ్న: పై సిలిండర్‌కి మాత్రమే వెళ్ళే, కార్బొరేటర్‌తో సంబంధం లేని దారి ఏది?

దొంగ దొరికాడు

ఇలాంటి మోటార్లలో పెట్రోలు పంపుకి కరెంటు అక్కర్లేదు. అరచేతిలో పట్టే పెట్టె, ఇంజను పక్కన రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. లోపల పల్చటి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్. దానికి ఒక పక్క పెట్రోలు. రెండో పక్క సన్నటి రంధ్రం ద్వారా నేరుగా క్రాంక్‌కేస్‌కి కలిసి ఉంటుంది. పిస్టన్ కదిలినప్పుడల్లా క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కదా, ఆ తట్టుకి పొర ముందుకీ వెనక్కీ ఊగి పెట్రోలుని కార్బొరేటర్‌కి తోస్తుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో సిలిండర్‌కి క్రాంక్‌కేస్ గది విడివిడిగా ఉంటుంది. పంపు వాటిలో ఒకదానికే తగిలి ఉంటుంది. నా మోటారులో అది పై గది.

ఆ పొరకి చిల్లు పడితే? పెట్రోలు కార్బొరేటర్నీ, బెండునీ, సూదినీ, చోక్‌నీ అన్నిటినీ తప్పించుకుని అడ్డదారిన నేరుగా పై క్రాంక్‌కేస్‌లోకి చేరుతుంది. కాపలా వాడు వీధి గుమ్మం దగ్గర, దొంగ పెరటి గుమ్మంలో!

పంపు ఊడదీసి, గొట్టం తగిలించే ఉంచి, కింద డబ్బా పట్టి, నాన్నని బల్బు నొక్కమన్నాను. అయిదు సెకన్లు. పంపు వెనక రంధ్రం అంచున ఒక చుక్క ఊరింది. నిండింది. డబ్బాలో పడింది. మరో చుక్క. ఎండిపోయి ఉండాల్సిన రంధ్రం అది.

"జమ దొరికింది," అన్నారు నాన్న.

విప్పి చూస్తే పొర మీద కంటికేమీ కనపడలేదు. ఎండకెదురుగా పట్టి సాగదీస్తే సూదిమొనంత వెలుగు చుక్క కనిపించింది. కొత్త పంపు ముప్పై డాలర్ల లోపే. మార్చడానికి పట్టింది పావుగంట. రెండు కిట్లకీ, నెల రోజులకీ, ఒక కనుబొమ్మకీ లెక్క మీరే కట్టుకోండి.

మరి రెండు వేసవులు ఎలా నడిచింది?

మనం ఆఫీసులో అడిగే ప్రశ్నే: నిన్నటిదాకా పనిచేసింది కదా, మధ్యలో ఏం మారింది?

మారింది ట్యాంకు. పాతది తుప్పు పట్టిందని ఆ వసంతంలోనే కొత్త ప్లాస్టిక్ ట్యాంకు కొన్నాను. పాత ట్యాంకు మూత మీద గాలి ఆడటానికి స్క్రూ ఉండేది. నేను దాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచేవాణ్ణి. అమెరికాలో 2011 నుంచి తయారయ్యే పడవ ట్యాంకులు పెట్రోలు ఆవిరిని గాలిలోకి వదలకూడదని నిబంధన ఉంది. లోపల ఒత్తిడి 5 పి.ఎస్.ఐ. దాటితే గాని అవి బయటికి వదలవు. గాలి కాలుష్యానికి మంచిదే. కాని ఎండలో గంటసేపు ఉంటే ఆ ట్యాంకు బెలూనులా ఉబ్బుతుంది. గొట్టం తగిలించే ఉంటే ఆ ఒత్తిడంతా నలభై ఏళ్ళ ఇంజను మీద పడుతుంది.

పొరలో చిల్లు పాతదే అయ్యుండాలి. నెమ్మదిగా నడిపేటప్పుడు ఇంజను కాస్త ఎక్కువ పొగ వదిలేది. వయసు మీద పడిందిలే అనుకున్నాను. ఒత్తిడి లేనప్పుడు చిల్లు పెద్ద హాని చేయలేదు. కొత్త ట్యాంకు వచ్చాక, పులిహోర తిన్నంతసేపూ పెట్రోలు క్రాంక్‌కేస్‌లోకి ఊరుతూనే ఉంది. ఇంటి దగ్గర నీడలో, అప్పుడే గొట్టం తగిలించి లాగితే రెండో లాగుకే స్టార్టయ్యేది. డెవలపర్ మెషీన్లో పనిచేసి, కస్టమర్ దగ్గర కూలిపోయే ప్రోగ్రాం లాగే.

చిల్లు లేని ఇంజనుక్కూడా ఈ ఒత్తిడి ప్రమాదమే. గిన్నె దగ్గర సూదిని తోసుకుని పెట్రోలు రావచ్చు. అందుకే ఇప్పుడు నేను గొట్టం తగిలించే ముందు ట్యాంకు మూత ఒకసారి వదులు చేసి గాలి తీసేస్తాను. ఆగి ఉన్నంతసేపూ గొట్టం ఊడదీసే ఉంచుతాను. ఫ్యూయల్ డిమాండ్ వాల్వ్ అని ఒక చిన్న పరికరం దొరుకుతుంది. దాన్ని గొట్టంలో పెట్టుకుంటే ఇంజను లాగినప్పుడు మాత్రమే పెట్రోలు వదులుతుంది. అదీ పెట్టించాను.

నీళ్ళ మీద ఓవరైతే ఏం చెయ్యాలి?

మీలో పడవ ఉన్నవాళ్ళకీ, స్నేహితుడి పడవ ఎక్కేవాళ్ళకీ పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

1. లాగడం ఆపండి. పడవ అడుగున పెట్రోలు ఉందేమో చూడండి. ఉంటే గుడ్డతో అద్ది తీసి, గాలి ఆడనివ్వండి. సిగరెట్టు, లైటరు, ఎలక్ట్రిక్ స్విచ్చి ఏదీ ముట్టుకోవద్దు.

2. గాలికి కొట్టుకుపోతుంటే లంగరు వెయ్యండి. వాన మబ్బుంటే మోటారు సంగతి తరవాత, ముందు సాయం కోసం చెయ్యి ఊపండి, ఫోను చెయ్యండి.

3. పెట్రోలు గొట్టం ఊడదీయండి. బల్బు ముట్టుకోవద్దు. చోక్ పూర్తిగా తెరవండి.

4. పది నిమిషాలు ఆగండి. ఇది అన్నిటికన్నా కష్టమైన పని.

5. గేరు న్యూట్రల్లో ఉంచి, అది అనుమతించినంత మేర థ్రాటిల్ తెరిచి, చోక్ లేకుండా ఎనిమిది, పది సార్లు లాగండి. గాలి ఎక్కువై మిశ్రమం పల్చబడితే అంటుకుంటుంది. అంటుకోగానే థ్రాటిల్ తగ్గించడానికి సిద్ధంగా ఉండండి. నడవడం మొదలయ్యాక గొట్టం తగిలించండి.

6. అయినా పలకకపోతే, అడుగున పెట్రోలు లేదని రూఢి చేసుకుని, ముందు స్పార్కు రాకుండా కిల్ స్విచ్చి క్లిప్పు పీకేయండి. తరవాత ప్లగ్గులు ఊడదీసి, రంధ్రాలకి గుడ్డ అడ్డం పెట్టి, మొహం పక్కకి పెట్టుకుని నెమ్మదిగా నాలుగైదు సార్లు లాగండి. లోపలి పెట్రోలు గుడ్డలోకి వస్తుంది, సరస్సులోకి పోకూడదు. ప్లగ్గులు తుడిచి ఆరనిచ్చి, ఆవిరి పోయేదాకా ఆగి, బిగించి, క్లిప్పు పెట్టి మళ్ళీ ప్రయత్నించండి.

7. తాడు అసలు కదలకుండా బిగుసుకుపోతే బలవంతం చెయ్యొద్దు. సిలిండర్ నిండా ద్రవం ఉంటే పిస్టన్ నొక్కలేదు. ప్లగ్గులు తీశాకే లాగాలి.

ఒడ్డుకి చేరాక ప్లగ్గులు వేరువేరుగా చూసి ఏది తడిసిందో రాసుకోండి. రెండూ తడిస్తే కార్బొరేటర్, చోక్, ట్యాంకు ఒత్తిడి వైపు వెళ్ళండి. ఒకటే తడిస్తే ఆ సిలిండర్ ప్లగ్గు, స్పార్కు, కంప్రెషన్, పంపు చూడండి. పాతబడిన పెట్రోలు ఉంటే ముందు దాన్ని మార్చండి. ఇక్కడి పెట్రోల్లో సాధారణంగా 10 శాతం దాకా ఎథనాల్ ఉంటుంది. అది తేమని పీల్చుకుంటుంది, పాతకాలం రబ్బరుకి పడదు. పాత ఇంజనున్న వాళ్ళు ఎథనాల్ లేని పెట్రోలు దొరికితే అదే వాడటం మంచిది.

చివరగా

ఇంత కష్టపడి ఇలాంటి ఇంజను ఉంచుకోవాలా అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఓలె ఎవిన్‌రూడ్ అనే నార్వే సంతతి మెకానిక్కు 1909లో మిల్వాకీలో అవుట్‌బోర్డ్ మోటార్ల కంపెనీ పెట్టిన దగ్గర్నుంచి దాదాపు వందేళ్ళు ఈ రెండు స్ట్రోకుల మోటార్లే చిన్న పడవల్ని నడిపాయి. కాని వాటిలో పోసిన ఇంధనంలో 20 నుంచి 30 శాతం కాలకుండానే బయటికి పోతుంది. అమెరికా పర్యావరణ సంస్థ నిబంధనలు 1998 నుంచి 2006 దాకా అంచెలంచెలుగా బిగుసుకోవడంతో కార్బొరేటర్ ఉన్న రెండు స్ట్రోకుల మోటార్లు కొత్తవి అమ్మకంలోంచి తప్పుకున్నాయి. టాహో సరస్సులో 1999 నుంచే వాటిని నిషేధించారు. చివరికి ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ కూడా 2020లో ఆగిపోయింది. నేను కూడా ఒకటి రెండేళ్ళలో నాలుగు స్ట్రోకుల మోటారుకి మారతాను.

మా ఆవిడ పెట్టిన గడువు ఇంకా మూడు రోజులుండగా మోటారు సరస్సులో నడిచింది. మొదట నేనొక్కణ్ణే వెళ్ళాను. గంటసేపు ఎండలో ఆపి, మళ్ళీ లాగి, ఇలా ఆరుసార్లు చేసి, ఫలితాలు పుస్తకంలో రాసి ఆవిడకి చూపించాను. ఆ తరవాతే పిల్లకి అనుమతి దొరికింది. పడవలో ఇప్పుడు రెండు తెడ్లు, లంగరు, మంటలార్పే సిలిండరు ఉన్నాయి. అవి మొదటి రోజే ఉండాల్సినవి.

నాన్న నర్సాపురం వెళ్ళిపోయారు. నోటు పుస్తకం ఇక్కడే వదిలేశారు. దాని ఆఖరి పేజీలో, జమ వైపు, పంపు ఖరీదు పక్కన ఆయన చేతిరాతలో ఒక పద్దు ఉంది: "పోయిన పెట్రోలు దొరికినది." ఖర్చు వైపు మాత్రం ఒకటే రాశారు: "పాప టార్చిలైటు, పగిలినది." కొత్తది కొనిచ్చాను. మళ్ళీ దాన్ని మోటారు దగ్గర పట్టుకోమని ఇంకా అడగలేదు.